ఒంగోలులో హోటల్ పనివాళ్లకు సహాయ నిధి: డబ్బు ఎలా పోగెయ్యాలి, ఎవరికి ఎలా ఇవ్వాలి?

కర్నూలురోడ్డు_కౌంటర్ | ఒంగోలు | సోమవారం రాత్రి 11:10

అందరికీ నమస్కారం. కర్నూలు రోడ్డు, అద్దంకి బస్టాండు, ట్రంకు రోడ్డు చుట్టూ తిరిగి లెక్కేస్తే టిఫిన్ సెంటర్లు, మెస్సులు, బిర్యానీ పాయింట్లు కలిపి 38 తేలాయి. దోశ మాస్టర్లు, వంటవాళ్లు, సప్లయర్లు, టేబుళ్లు తుడిచేవాళ్లు, పార్శిల్ కట్టేవాళ్లు, గిన్నెలు తోమే ఆడవాళ్లు అంతా 210 మంది దాకా ఉన్నారు.

ఎక్కువమంది రోజుకూలీ మీదే. నాగా పడితే ఆ రోజు డబ్బులు లేనట్టే. కార్తీకమాసం వస్తే బిర్యానీ పాయింట్లలో మనుషుల్ని తగ్గిస్తారు, తుఫాను పడితే అందరికీ కోతే. చేతి మీద నూనె పడినా, ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినా ఓనరు దగ్గర అడ్వాన్సు తప్ప దారి లేదు. ఆ అడ్వాన్సు తీరేదాకా జీతం ఎంత తక్కువైనా అక్కడే పడి ఉండాలి.

ఇప్పటిదాకా ఎవరికైనా కష్టమొస్తే వాట్సాప్‌లో వాళ్ల ఫొటో, ఫోన్‌పే నంబరు పెట్టడమే. మొదటి మనిషికి బాగానే వస్తాయి, మూడో మనిషికి ఎవరూ చూడరు. అందుకే నిలకడగా ఒక నిధి ఉండాలని 9 మందిమి అనుకున్నాం. అడిగేది మూడు సంగతులు. డబ్బు ఎవరి ఖాతాలో ఉండాలి? పోగేసే దారులేంటి? ఎవరికి ఎంత ఇవ్వాలో ఎవరు తేల్చాలి?

పద్దుపుస్తకం | నెల్లూరు | సోమవారం రాత్రి 11:52

ముందు ఖాతా సంగతి. ఎవరి సొంత సేవింగ్స్ ఖాతాలోనూ వెయ్యొద్దు, ఆ మనిషి ఎంత మంచివాడైనా సరే. చట్టం కంట్లో ఆ డబ్బు అతనిదే అవుతుంది. రేపు అతనికి ఏమన్నా అయితే వారసులకు పోతుంది, అతని అప్పు బాకీ ఉంటే బ్యాంకు పట్టుకోవచ్చు.

మీరు 9 మంది ఉన్నారు కాబట్టి సొసైటీ సులువు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం 7 మంది సభ్యులు చాలు. ఆశయాల పత్రం, నియమావళి, అందరి ఆధార్ నకళ్లు, ఆఫీసు చిరునామాకు ఇంటి ఓనరు ఇచ్చే సమ్మతి పెట్టుకుని జిల్లా రిజిస్ట్రారు ఆఫీసుకు పోవాలి. సర్టిఫికెట్ రాగానే సొసైటీ పేరు మీద పాన్, ఆ తర్వాత బ్యాంకు ఖాతా. ఖాతా తెరవడానికి తీర్మానం కాగితం అడుగుతారు. దాంట్లో "ముగ్గురిలో ఏ ఇద్దరు సంతకం చేసినా చెల్లుతుంది" అని రాయించండి. ఇద్దరి పేర్లే రాస్తే ఒకరు ఊరెళ్లిన రోజు ఆసుపత్రి దగ్గర అందరూ నిలబడి ఉండాలి.

నియమావళిలో మరిచిపోకూడని మాట ఒకటి ఉంది. నిధి మూతపడితే మిగిలిన డబ్బు సభ్యులు పంచుకోకూడదు, ఇలాంటి పనే చేసే ఇంకో సంస్థకు చేరాలి. ఇది లేకపోతే ముందు ముందు దాతలకు పన్ను మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టినప్పుడు అక్కడే ఆగుతుంది. మినహాయింపు కోరే దాత 2,000 రూపాయలకు మించి నగదు ఇస్తే దానికి మినహాయింపు వర్తించదు, చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ తీసుకోండి.

వడ్డీకి ఇవ్వడం, చీటీ పాడటం ఈ సొసైటీ ద్వారా చేయొద్దు. అప్పులిచ్చే ఉద్దేశం ఉంటే అది 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం దారి, వేరే రిజిస్ట్రేషన్, వేరే లెక్కలు. రెండూ కలిపితే కష్టంలో ఉన్న మనిషి మీ దగ్గర బాకీదారు అయిపోతాడు.

బ్యాంకు_కిటికీ | కావలి | మంగళవారం ఉదయం 7:05

పద్దుపుస్తకం గారు చెప్పినదానికి తోడు. ఇద్దరు సంతకం చేయాల్సిన ఖాతాకు మామూలు ఫోన్ యాప్‌లలో యూపీఐ కలవదు. ఖాతా తెరిచే రోజే మేనేజర్‌ని సంస్థ పేరు మీద డబ్బు తీసుకోవడానికి మాత్రం పనికొచ్చే క్యూఆర్ అడగండి. లోపలికి స్కాన్‌తో వస్తుంది, బయటికి చెక్కుతోనే పోతుంది. మీకు కావలసింది కూడా అదే.

ఈమధ్య ఎక్కువగా చూస్తున్న చిక్కు ఖాతా స్తంభించడం. సైబర్ మోసంలో దోచిన డబ్బు తిరిగి తిరిగి ఎవరి ఖాతాలో పడితే, సైబర్ ఫిర్యాదుల నంబరు 1930కి ఫిర్యాదు వెళ్లాక ఆ మొత్తాన్ని, ఒక్కోసారి ఖాతా మొత్తాన్ని ఆపేస్తారు. ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్కసారిగా 20,000 వేసి, "పొరపాటున పడ్డాయి, వెనక్కి పంపండి" అని ఫోన్ చేస్తే పంపొద్దు. బ్రాంచికి లెటరు రాసి, వచ్చిన దారినే వెనక్కి పంపమనండి. రసీదు పుస్తకం, తీర్మానాల పుస్తకం చేతిలో ఉంటే ఖాతా విడిపించుకోవడం తేలికవుతుంది.

విదేశాల నుంచి వచ్చే డబ్బు గురించి కూడా. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, దానికి కేంద్ర హోంశాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి. మనూరివాడే కదా అని తీసుకోకూడదు.

పెన్నాతీరం | నెల్లూరు | మంగళవారం ఉదయం 9:40

హోటళ్లలో పెట్టే విరాళాల పెట్టెలు, క్యూఆర్ గురించి రాస్తా. రెంటిలోనూ పొరపాట్లు చిన్న చిన్న చోట్లే జరుగుతాయి.

పెట్టె అద్దంలా కనపడే ప్లాస్టిక్‌ది తీసుకోండి, ఇనప హుండీ వద్దు. లోపల డబ్బు కనపడితేనే వేస్తారు, తగ్గితే కూడా కనపడుతుంది. రెండు తాళాలు, రెండు తాళంచెవులు ఇద్దరి దగ్గర. హోటల్ వాళ్ల దగ్గర ఒకటీ ఉండకూడదు, వాళ్లకే మంచిది, నింద రాదు. మూత మీద నంబరున్న సీలు స్టిక్కరు వేసి ఆ నంబరు పుస్తకంలో రాయాలి. 15 రోజులకు ఒకసారి, చెప్పిన రోజునే తెరవాలి. తెరిచేటప్పుడు హోటల్ మనిషి ఒకరు, నిధి మనుషులు ఇద్దరు ఉండాలి. నోట్లు ఏ విలువవి ఎన్ని, నాణేలు ఎన్ని అని కాగితం మీద వేసి ముగ్గురూ సంతకం పెట్టాలి. మర్నాడు బ్యాంకు మూసేలోగా జమ కావాలి. చిల్లర్లేదని పెట్టెలోంచి తీసుకుని నోటు వెయ్యడం, ఇలాంటి మార్పిళ్లు మొదటి రోజు నుంచే కుదరవని చెప్పండి.

10 రూపాయల నాణేలు చాలా వస్తాయి, జనం ఇంకా తీసుకోవడానికి వెనకాడుతున్నారు కదా, అవన్నీ పెట్టెలోకి చేరతాయి. చెల్లే నాణేలే. వందేసి లెక్కన చిన్న ప్లాస్టిక్ సంచుల్లో కట్టి తీసుకెళ్తే బ్యాంకులో గొడవుండదు.

ఇక క్యూఆర్. నిధి క్యూఆర్ కౌంటర్ మీద, హోటల్ క్యూఆర్ పక్కన పెట్టొద్దు. రద్దీలో కస్టమర్ బిల్లు 340 రూపాయలు నిధికి కొట్టేసి వెళ్లిపోతాడు. ఓనరు మీ మీద కోపగించుకుంటాడు, మీరు రెండు సంతకాల చెక్కు రాసి 340 వెనక్కివ్వాలి. చేతులు కడుక్కునే చోట అద్దం పక్కన, లేదా మెనూ వెనక వైపు పెట్టండి. రంగు వేరుగా ఉండాలి, "ఇది బిల్లుకు కాదు" అని పెద్దక్షరాల్లో ఉండాలి. పెట్టె తెరిచే ప్రతిసారీ ఆ క్యూఆర్‌కి ఒక రూపాయి కొట్టి పేరు సరిచూసుకోండి. దాని మీద వేరేవాళ్లు తమ స్టిక్కరు అంటించిపోవడం ఎక్కడైనా జరుగుతోంది.

బిల్లులో 5 రూపాయలు కలిపి వసూలు చేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దు. 2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ సర్వీసు చార్జీ దానంతట అదే బిల్లులో వేయకూడదని మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. పేరు మార్చి వేసినా కస్టమర్‌కి అదే మంట.

లక్కీ డ్రా కూపన్లు కూడా వద్దబ్బా. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నేరం. స్కూటర్ ఆశ పెట్టి పోగేసిన డబ్బుతో ఆసుపత్రి బిల్లు కట్టబోతే పోలీసు స్టేషన్‌లో కూర్చోవలసి వస్తుంది.

సంతపేట_మెస్ | నెల్లూరు | మంగళవారం మధ్యాహ్నం 3:15

ఓనర్ల వైపు నుంచి ఒక మాట. నెలకు హోటల్‌కి 500 అని ఒకే రేటు పెడితే ఆరు టేబుళ్ల మెస్ మానుకుంటుంది, ఇరవై టేబుళ్ల ఏసీ హోటల్ కూడా 500తో సరిపెట్టుకుంటుంది. టేబుల్‌కి నెలకు 50 అని పెట్టండి. ఆరుకి 300, ఇరవైకి 1,000. నిలబడి తినే టిఫిన్ బండికి 100. ఎవరికీ అడగడానికి మొహమాటం ఉండదు.

పనివాళ్ల దగ్గర నెలకోసారి 50 అడగొద్దు. రోజుకూలీ తీసుకునేవాళ్లకి ఒకటో తారీకు అంటూ ఏమీ ఉండదు. ఆదివారం రాత్రి వారం లెక్క తేల్చేటప్పుడు 10 రూపాయలు, 52 గళ్ల కార్డు, ఇచ్చిన వారానికి ముద్ర. కౌంటర్‌లో వాళ్లంతట వాళ్లు కోసేసుకోకూడదు. పనివాళ్లే చేత్తో ఇవ్వాలి. నాలుగు గళ్లు ఖాళీగా ఉన్నాయని సాయం ఆపకూడదు, కార్డు లేకపోయినా ఆపకూడదు.

పద్దుపుస్తకం | నెల్లూరు | మంగళవారం సాయంత్రం 6:20

అక్క చెప్పినట్టే లెక్క వేద్దాం, సగం మందే చేరతారనుకుని. 100 మంది వారానికి 10 చొప్పున నెలకు సుమారు 4,300. సగటున ఆరు టేబుళ్లున్న 20 హోటళ్లు 6,000. మొత్తం 10,300. పెట్టెల డబ్బు ఇందులో కలపొద్దు, అది ఊగుతుంది. మూడు నెలలు కదపకుండా ఉంచితే 31,000 దాకా నిలుస్తుంది. అప్పుడు ఇవ్వడం మొదలుపెట్టండి, 30,000 కంటే కిందికి దిగనివ్వొద్దు. ఒకే రోజు రెండు చావులు, ఒక కాలిన కేసు వచ్చినా చేతులెత్తేయకుండా ఉండేందుకు ఆ నిల్వ. అలాంటి రోజున మాత్రం అందులోంచి తీసి, రాబోయే నెలల్లో పూడ్చుకోవాలి.

కార్మిక_మిత్ర | ఒంగోలు | మంగళవారం రాత్రి 9:30

నిధి నుంచి రూపాయి తీసేముందు, ఆ రూపాయి వేరేచోట ఆ మనిషికి హక్కుగా రావాల్సి ఉందేమో చూడండి. చాలాసార్లు ఉంటుంది.

పదిమంది, అంతకు మించి పనిచేసే హోటల్‌కు ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) వర్తిస్తుంది. నెల జీతం 21,000 లోపు ఉండాలి. 12,000 జీతానికి పనివాడి వాటా 90 రూపాయలు, ఓనరు వాటా 390. ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా పడి ఉంటే, జబ్బుతో పని మానినప్పుడు జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా వస్తుంది. పని చేస్తూ గాయపడితే 90 శాతం, దానికి ఈ 78 రోజుల నిబంధన లేదు, చేరిన మొదటి రోజు నుంచే. మీ 38 హోటళ్లలో పదిమంది దాటినవి ఎన్నో ముందు రాసుకోండి.

పదిమంది లోపు ఉన్నచోట పనిలో కాలినా, చెయ్యి గ్రైండర్‌లో పడినా నష్టపరిహారం ఓనరు బాధ్యత. నిధి సాయం చేస్తూ "ఇక మాకేమీ రావలసింది లేదు" అనే కాగితం మీద ఎవరి చేతా సంతకం పెట్టించకూడదు. ఓనరు అలాంటి కాగితం తెస్తే పనివాడికి చదివి వినిపించండి.

జీతం ఎగ్గొట్టిన కేసు నిధిది కాదు, సహాయ కార్మిక అధికారిది. ఆ డబ్బు మీరిస్తే ఎగ్గొట్టినవాడికి సాయం చేసినట్టు. అడ్వాన్సు బాకీ కూడా నిధి నుంచి తీర్చొద్దు, అది పనివాడి చేతుల మీదుగా ఓనరు గల్లాపెట్టెలోకే పోతుంది.

ఈఎస్‌ఐ, పీఎఫ్ లేనివాళ్లందరికీ ఈ-శ్రమ్ కార్డు (అసంఘటిత కార్మికుల నమోదు కార్డు) చేయించండి. 16 నుంచి 59 ఏళ్లవాళ్లకు, ఆదాయపు పన్ను కట్టనివాళ్లకు. ఉచితం, 12 అంకెల నంబరు వస్తుంది. ఆధార్‌కి ఫోన్ నంబరు కలిసి లేకపోతే ఇంట్లో కూర్చుని అవదు, వేలిముద్రతో సేవా కేంద్రంలో చేయించాలి. మన రాష్ట్రంలో కార్మిక సంక్షేమ నిధి కూడా ఉంది, ఏడాదికి పనివాడి వాటా 30, యజమాని వాటా 70. కడుతున్నారో లేదో కౌంటర్‌లో అడగండి.

బ్యాంకు_కిటికీ | కావలి | మంగళవారం రాత్రి 10:15

మిత్ర గారి మాట పట్టుకుని ఒకటి చెప్తా. నిధి మొదటి ఖర్చు ప్రమాద బీమా కావాలి. ప్రధానమంత్రి సురక్ష బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు, 18 నుంచి 70 ఏళ్లవాళ్లకు. వందమందికి 2,000 రూపాయలతో అయిపోతుంది. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436, ఎలా పోయినా 2 లక్షలు, 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి. వందమందికి 43,600 అవుతుంది, అది నిధి మోయలేదు, ఎవరిది వాళ్లు కట్టుకోవాలి.

తప్పు జరిగేది ఎక్కడంటే, రెండు పథకాల ఏడాదీ జూన్ 1 నుంచి మే 31 వరకు. మే ఆఖర్లో ఖాతాలోంచి దానంతట అదే కోసుకుంటారు. ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది, మనిషికి తెలియను కూడా తెలియదు. మే 20కల్లా ఒక్కొక్కరి పాస్‌బుక్ చూసి, తక్కువున్న ఖాతాలో 50 వెయ్యండి. జూన్ మొదటి వారంలో కోత పడిందో లేదో మళ్లీ చూడండి. కొత్తగా జీవన్ జ్యోతిలో చేరినవాళ్లు మొదటి 30 రోజుల్లో జబ్బుతో పోతే రాదు, ప్రమాదమైతే వస్తుంది. ప్రమాదం కేసులో మామూలుగా ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు అడుగుతారు. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఎవరూ ఈ మూడూ గుర్తుపెట్టుకోరు కాబట్టి నిధి మనిషి ఒకరు వెంట ఉండాలి. 30 రోజుల్లోగా బ్యాంకులో క్లెయిము పెట్టాలి.

జన్‌ధన్ ఖాతా రూపే కార్డుకీ ప్రమాద బీమా ఉంది, కానీ ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఒకసారైనా కార్డు వాడి ఉండాలి. పెట్టె అడుగున దాచుకుంటే పనికిరాదు. రెండు నెలలకోసారి ఏటీఎంలో 100 తీయమనండి.

వార్డు_సిస్టర్ | నెల్లూరు | బుధవారం ఉదయం 6:30

ఆసుపత్రి ఖర్చు గురించి రెండే మాటలు. తెల్లకార్డు ఉంటే ముందు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కౌంటర్, అనుమానం ఉంటే 104కి ఫోన్. ఒంగోలులో రిమ్స్, నెల్లూరులో జీజీహెచ్ లాంటి ప్రభుత్వాసుపత్రులు దాటి ప్రైవేటుకు పోతే, అక్కడ ఆ జబ్బుకి ఆ పథకం ఉందో లేదో చేర్చకముందే అడగాలి. చేర్చాక అడిగితే "క్యాష్ పేషెంటు" అని రాసేసి ఉంటారు. ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టే ఆలోచన ఉంటే ఒరిజినల్ బిల్లులు అక్కడ కావాలి, మీ నిధి జిరాక్సులతో సరిపెట్టుకోవాలి. మీరు ఒరిజినల్ తీసి ఫైలు చేసుకుంటే వాళ్లకి పెద్ద సాయం పోతుంది.

వంటింట్లో కాలితే 20 నిమిషాలు పారే కుళాయి నీళ్ల కింద పెట్టాలి. పేస్టు, పసుపు, ఇంకు ఏదీ పుయ్యొద్దు. వాచేలోగా ఉంగరం, మొలతాడు, గాజులు తీసెయ్యాలి. ఇది అచ్చు వేయించి 38 పొయ్యిల దగ్గరా అంటించండి, నిధికి ఖర్చు మిగులుతుంది.

టంగుటూరు_98 | బుధవారం ఉదయం 8:00

ఈ వారం వారం పదులు ఎప్పటికి పోగవుతాయి సార్? ఒక ఆదివారం బిర్యానీ వండి అమ్మితే ఒక్కరోజులో వస్తాయి కదా.

కొత్తపట్నం_చేపలు | బుధవారం ఉదయం 10:25

తమ్ముడూ, ఆదివారం బిర్యానీ అమ్మితే మీకు డబ్బులిచ్చే హోటళ్లతోనే పోటీ పడ్డట్టు. చేపల పులుసు మేలు. అన్నం ఇంట్లో వండుకుంటారు, మనం పులుసొక్కటే ఇస్తాం.

వంద పార్శిళ్లు, ఒక్కోదానికి రెండు ముక్కలు. 200 ముక్కలు, ముక్క 85 గ్రాములు అనుకుంటే కడిగిన చేప 17 కిలోలు. తల, తోక, పొట్ట తీస్తే మూడోవంతు దాకా పోతుంది కాబట్టి మూడు కిలోల సైజు బొచ్చె చేపలు 25 కిలోలు తేవాలి. చింతపండు కిలోన్నర, పుల్ల మామిడి ఉన్న రోజుల్లో మూడు కిలోల కాయ వేసి చింతపండు కిలోకి తగ్గించాలి. ఉల్లి 4 కిలోలు, టమాటా 4 కిలోలు, మిరప్పొడి 700 గ్రాములు, నూనె 2 లీటర్లు, మెంతులు జీలకర్ర వేయించిన పొడి 150 గ్రాములు. చేప కిలో 200 అయితే 5,000, మిగతా సరుకులు 1,800, కారని మూత డబ్బాలు వంద 900, గ్యాసు 400. మొత్తం 8,100, పార్శిల్‌కి 81. 150కి అమ్మితే వందకి 6,900 మిగులు. ధరలు వారం వారం మారతాయి, ముందురోజు మార్కెట్లో అడిగి రేటు కట్టండి.

జాగ్రత్త పడాల్సింది గిన్నెల దగ్గర. ముక్కలు వేశాక పులుసులో గరిటె పెట్టరు, గిన్నె చెవులు పట్టుకుని గుండ్రంగా తిప్పుతారు. 17 కిలోలూ ఒకే డేగిసాలో వేస్తే ఎవరూ తిప్పలేరు, గరిటె పెడతారు, ముక్క చితికి ముళ్లు పులుసులోకి వస్తాయి. ఆ పులుసు పిల్లలున్న ఇంటికి ఇవ్వలేం. వెడల్పు గిన్నెలు ఐదు తీసుకోండి, ఒక్కోదాంట్లో మూడున్నర కిలోలు, ముక్క మీద ముక్క పడకుండా. పులుసు తెర్లి నూనె పైకి తేలాకే ముక్కలు, ఆ తర్వాత సన్నసెగ మీద 12 నిమిషాలు. రాత్రి వండి పొద్దున ఇస్తే రుచి ముక్కలోకి దిగుతుంది.

వార్డు_సిస్టర్ | నెల్లూరు | బుధవారం మధ్యాహ్నం 1:10

ఇంట్లో మట్టి దాకలో రాత్రంతా ఉంచే పులుసు వేరు, వందమందికి అమ్మేది వేరు అన్నా. ఐదు గిన్నెలు తెల్లారేదాకా బయట ఉంచితే ఒప్పుకోను. సాయంత్రం ఆరింటికి దించితే, నాలుగంగుళాల లోతు ట్రేలలోకి సర్ది, కింద ఐసు నీళ్లు పెట్టి రెండు గంటల్లో వేడి తీసెయ్యాలి. అక్కణ్ణుంచి హోటల్ ఫ్రిజ్‌లో 5 డిగ్రీలకు. పొద్దున మళ్లీ బాగా పొగలు కక్కేదాకా కాచి, హాట్ బాక్సుల్లో పెట్టి, పది నుంచి పన్నెండున్నర లోపు పంచెయ్యాలి. వండేది కూడా ఆహార భద్రత లైసెన్సు ఉన్న హోటల్ వంటింట్లోనే, ఫంక్షన్ హాల్ పెరట్లో కాదు.

కొత్తపట్నం_చేపలు | బుధవారం మధ్యాహ్నం 1:45

సరే సిస్టర్, ఆ మాట నిజం. రాత్రి చల్లబడ్డ ముక్క గట్టిపడుతుంది కాబట్టి పొద్దున కాచినా చితకదు. ట్రేలలోంచి మళ్లీ అవే వెడల్పు గిన్నెల్లోకి జారవిడవండి, గరిటెతో ఎత్తొద్దు.

పెన్నాతీరం | నెల్లూరు | బుధవారం సాయంత్రం 5:00

అమ్మకం పెట్టుకుంటే టోకెన్లు ముందే అమ్మండి. పదేసి టోకెన్ల పుస్తకాలు పది, నంబర్లు వేసి. ఎవరికి ఏ పుస్తకం ఇచ్చారో రాసుకోండి. శుక్రవారం రాత్రికి డబ్బు, మిగిలిన టోకెన్లు రెండూ వెనక్కి రావాలి. "టోకెన్ ఇవ్వు, డబ్బులు ఆదివారం ఇస్తాలే" అన్నది ఒక్కటి ఒప్పుకున్నా పది అవుతాయి. వచ్చిన లెక్కకే చేప కొనండి. వండినవాళ్లకి, కడిగినవాళ్లకి ఆ రోజు కూలీ ఇవ్వాలి, ఖర్చులో రాయాలి. వాళ్ల కోసం పెట్టిన నిధికి వాళ్ల చేతే ఊరికే చాకిరీ చేయించకూడదు. ఇద్దరు మాస్టర్లు, నలుగురు మనుషుల కూలీ తీస్తే ఆ 6,900లో సగం మిగలొచ్చు. అయినా ఏడాదికి రెండుసార్లు చాలు. టంగుటూరు తమ్ముడికి జవాబు కూడా ఇదే, పులుసు ఒకరోజు డబ్బు, వారం పది రూపాయలు నిలిచే డబ్బు.

ఇప్పుడు మూడో ప్రశ్న, ఎవరికి ఎంత. కమిటీ ఏడుగురు. నలుగురు పనివాళ్లు, అందులో ఇద్దరు గిన్నెలు తోమే ఆడవాళ్లు. ఒక ఓనరు, ఒక లెక్కల మనిషి, హోటళ్లతో సంబంధం లేని టీచరో రిటైర్డు ఉద్యోగో ఒకరు. ఓనరు తన హోటల్ మనిషి విషయం వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్లాలి. 3,000 లోపు అయితే ఏ ముగ్గురు ఒప్పుకున్నా 24 గంటల్లో ఇవ్వాలి. అంతకు మించితే కమిటీ.

చావుకు ఆ రోజే 10,000, వాదన లేదు. ఆసుపత్రిలో చేరితే 5,000 వరకు, అది ఆసుపత్రి బిల్లు కౌంటర్‌లోనో మందుల షాపులోనో కట్టాలి. కాలిన గాయం, ఎముక విరిగితే పని మానిన వారాలకు వారానికి 1,500, నాలుగు వారాలు. అద్దె మునిగితే ఒక నెల, నేరుగా ఇంటి ఓనరుకు. తుఫానుకి హోటళ్లు మూస్తే డబ్బు కాదు, సరుకులు. రేషన్ బియ్యం ఉన్న ఇంటికి మళ్లీ బియ్యం ఇవ్వొద్దు. కందిపప్పు 2 కిలోలు, నూనె 2 లీటర్లు, గుడ్లు ఒక ట్రే, ఉల్లి 3 కిలోలు, చింతపండు అరకిలో, పాల ప్యాకెట్లకి 200.

దరఖాస్తు ఒక్క పేజీ. రాయలేనివాళ్లు నోటితో చెప్తే కమిటీ మనిషి రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. మూడు నెలల నుంచి ఏదో ఒక హోటల్లో చేస్తున్నాడని ఇద్దరు తోటి పనివాళ్లు చెప్తే చాలు, ఓనరు లెటరు అడగొద్దు. ఓనరుతో గొడవపడి మానేసినవాడికి లెటరు ఎవరిస్తారు?

ఇచ్చేటప్పుడు ఫొటో తీయొద్దు. దాతలు అడిగితే నెలాఖరున ఒక కాగితం పెట్టండి: కేసు నంబరు, ఆసుపత్రి లేదా అద్దె, మొత్తం, తారీకు. పేరు, హోటలు, ఊరు అక్కర్లేదు. బ్యాంకు స్టేట్‌మెంటుతో ఆ మొత్తం కలిస్తే చాలు, నమ్మకం దానంతట అదే వస్తుంది.

టంగుటూరు_98 | బుధవారం సాయంత్రం 7:30

తాగేవాళ్లకి ఇస్తే?

సంతపేట_మెస్ | నెల్లూరు | బుధవారం రాత్రి 8:05

ఆసుపత్రి బిల్లు, అద్దె, సరుకులు ఇవన్నీ నేరుగా పోయేవే కదా తమ్ముడూ. వారానికి 1,500 ఒక్కటే చేతికొచ్చేది, దాన్ని ఇల్లాలి ఖాతాలో వేస్తే సరి. మనిషి మంచివాడా కాదా అని తేల్చడం కమిటీ పని కాదు. విరిగిన చెయ్యి తాగినవాడిదైనా విరిగిందే.

కావలి_వంటమాస్టర్ | బుధవారం రాత్రి 10:50

ఒడిశా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చిన కుర్రాళ్లని మరిచిపోయినారు. తందూరీ, చైనీస్ పొయ్యిల దగ్గర ఉండేది ఎక్కువ వాళ్లే. హోటల్ మూస్తే కూలీ ఒక్కటే పోదు, తిండి, పడక రెండూ పోతాయి. 2020 లాక్‌డౌన్‌లో అందరం చూసిందే. వాళ్లకి ముందు కావలసింది పడుకునే చోటు. పది రోజులకి ఒక గది, చాపలు, నీళ్ల క్యాన్లు ఎక్కడ దొరుకుతాయో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, తుఫాను హెచ్చరిక వచ్చినాక కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, సెప్టెంబరులోనే తేలాల.

గ్యాసు కనెక్షన్ లేనివాళ్లకి 5 కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు ఒకటి చూపిస్తే ఇస్తారు. వాళ్లు వండుకుంటారు, మనం అన్నం పొట్లాలు మోయక్కర్లేదు. రేషన్ కార్డు వాళ్ల ఊర్లో ఉన్నా, ఆధార్ కలిసి ఉంటే వేలిముద్ర వేసి ఇక్కడ బియ్యం తీసుకోవచ్చు, ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద. చాలామందికి తెలీదు. హిందీ బాగా వచ్చినవాళ్లు కమిటీ దగ్గర ఒకరు ఉండాల, లేకపోతే ఆ కుర్రాళ్లు అడగరు, నోరు మూసుకుని రైలెక్కేస్తారు.

కర్నూలురోడ్డు_కౌంటర్ | ఒంగోలు | గురువారం ఉదయం 9:20

అందరికీ దణ్ణాలు. ఇదంతా అచ్చు వేయించి తొమ్మిదిమందికీ ఇచ్చా. పదిమంది దాటిన హోటళ్లు ఏడు ఉన్నాయి, ఈఎస్‌ఐ ఉందో లేదో ఈ వారంలో కనుక్కుంటాం. పెట్టెలు ముందు పన్నెండు చోట్ల పెడతాం. సొసైటీ కాగితాల మీద సంతకాలకు, కమిటీ ఏడుగురిని ఎన్నుకోవడానికి వచ్చే మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకి కూర్చుందాం. భోజనాల రద్దీ అయిపోయి, సాయంత్రం టిఫిన్ మొదలు కాకముందు అందరికీ ఖాళీ అదే. ఆధార్ నకలు, రెండు ఫొటోలు తెచ్చుకోవాలి.

సంతపేట_మెస్ | నెల్లూరు | గురువారం ఉదయం 9:45

మూడున్నర అందరికీ ఖాళీ కాదు తమ్ముడూ. భోజనాల కంచాలు, డేగిసాలు అన్నీ తోమడానికి పడేది అప్పుడే. కమిటీలో ఉండాల్సిన ఆ ఇద్దరు ఆడవాళ్లు కుళాయి దగ్గరే ఉంటారు.

కర్నూలురోడ్డు_కౌంటర్ | ఒంగోలు | గురువారం ఉదయం 10:02

నిజమే అక్కా, తట్టలేదు. ఇప్పుడే నలుగురిని అడిగా, ఐదింటికి చేతులు ఖాళీ అవుతాయన్నారు. ఐదుంపావుకి మార్చాం. దోశ మాస్టర్లు ఆ టైముకి పెనం దగ్గర ఉంటారు, వాళ్ల సంతకాలకి నేనే కాగితాలు తీసుకుని హోటళ్లకి పోతా.